గంగారాం జీపుకు సరిపడని చక్రాలు

తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం నేను జగిత్యాలలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేరాను. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో పరీక్షించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడం మా పనిలో పెద్ద భాగం. కొలతలు అసిస్టెంటు ఇన్‌స్పెక్టరు తీసేవాడు. చివరి మాట నాది. రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పుకోవలసిందీ నేనే. అందుకని ప్రతిదీ రెండుసార్లు చూసేవాణ్ణి, నన్ను చాదస్తుడనేవారు. అననీ అనుకునేవాణ్ణి.

సిరిసిల్లలో మగ్గాలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి. కోరుట్ల వైపు ఊళ్లలో ఏ ఇంట్లో అడిగినా ఒక మనిషి గల్ఫ్‌లో ఉండేవాడు. గంగారాం రెండూ చూసినవాడు. సిరిసిల్లలో మగ్గం నడిపి, అది ఆగిపోయాక దుబాయి వెళ్లి, ఎడారిలో తిరిగే బండ్లను బాగుచేసే షెడ్డులో పని నేర్చుకున్నాడు. సెలవు మీద భార్య రాజవ్వ పుట్టినూరు కోరుట్లకు వచ్చి ఒక జీపు కట్టాడు. నిజంగా కట్టాడనే అనాలి. సైన్యం వేలం వేసిన ఛాసిస్ చట్రం ఒకచోట, ఇంజను మరొకచోట కొని, విడి ముక్కలుగా వచ్చిన బాడీని రేకుల షెడ్డు కింద తానే బిగించుకున్నాడు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కొండగట్టు మీది గుడికి భక్తులను తోలుకుంటూ పిల్లల దగ్గరే బతకాలని అతని ఆశ. సెలవు ముగిసేలోగా బండి పాసు కాకపోతే మళ్లీ విమానం ఎక్కాల్సిందే.

మొదటిసారి నా దగ్గరికి తెచ్చినప్పుడు చక్రాలు మడ్‌గార్డులు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. రిమ్ము మధ్య గీతకూ, ఇరుసు కొసన ఉండే హబ్బుకు ఆనించి బిగించే భాగానికీ ఉండే ఎడాన్ని ఆఫ్‌సెట్ అంటారు. చక్రం బయటికి వస్తుందా, లోపలికి పోతుందా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. మరీ బయటికి వస్తే భారం బేరింగుల మీద పడుతుంది, స్టీరింగు చేతిలోంచి లాగేస్తుంది.

"గాడ ఇసుకల నడిచే బండ్లకు గిట్లనే ఏస్తరు సార్. చక్రం ఎంత బయటికుంటె బండి గంత నిలుస్తది" అన్నాడు గంగారాం.

ఇది ఇసుక కాదు, ఘాట్ రోడ్డు అని చెప్పి తిప్పి పంపాను. వారం తిరక్కుండానే వేరే రిమ్ములతో వచ్చాడు. టైర్లు అవే, వెడల్పువే. ఇప్పుడు చక్రాలు మడ్‌గార్డుల లోపలికి చక్కగా ఒదిగాయి. ఖాళీ బండి మీద స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పించాను. ఎక్కడా తగల్లేదు. అయినా జనాన్ని ఎక్కించుకునే బండి. ఇసుక బస్తాలు వేయించి, నేను పక్కన కూర్చుని, కొండగట్టు ఎక్కించాను. బండి మారాం చేయకుండా ఎక్కింది. గంగారాం ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషంగానే ఉంది, కిందికి దిగాక సంతకం పెట్టేద్దామనుకున్నాను.

పైన రాజవ్వ ఇద్దరు పిల్లలతో, చుట్టాలతో ఎదురుచూస్తోంది. బండి పూజ కోసం ముందే బస్సులో వచ్చిందట. పూజారి బానెట్టు మీద బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. ఆమెకు అది చాలలేదు. నూనెలో కలిపిన సింధూరం అరచేత్తో తీసుకుని, టైర్లకు లోపలి అంచుదాకా చెయ్యి పెట్టి పూసింది. గంగారాం నిమ్మకాయలు తొక్కించి, దిగడానికి బండి మళ్లించాడు. చోటు ఇరుకు కావడంతో స్టీరింగు చివరిదాకా తిప్పాల్సి వచ్చింది. బస్తాలు దింపేసి వెనుక చుట్టాలను ఎక్కించారు. పిల్లలు ముందు సీటులో కూర్చున్నారు.

ఎందుకో మనసు ఊరుకోక ముందు చక్రం దగ్గర వంగి చూశాను. బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టానికి సింధూరం అంటుకుని ఉంది. అక్కడ ఎవరూ పూయలేదు. వేలితో తుడిచాను. ఎర్రదనం కింద రబ్బరు అరిగిపోయి లోపలి నూలు అల్లిక తేలింది. బరువు పడితే ఛాసిస్ కిందికి దిగుతుంది, గొట్టం వదులై బయటికి ఉబ్బుతుంది, మలుపు తిప్పినప్పుడల్లా టైరు దాన్ని గీరుతుంది. ఖాళీ బండిలో అది కనిపించదు. దిగేటప్పుడు ఏ మలుపులో తెగినా బ్రేకు ఉండదు.

ఇంజను ఆపించి, అందరినీ దిగమన్నాను.

"పూజ చేసిన బండి సార్. పోరలను కూసోబెట్టినంక దిగుమంటె అపశకునం గాదా?" అని రాజవ్వ గట్టిగానే అడిగింది. చుట్టాలు గొణిగారు. నలుగురూ పోగయ్యారు.

గంగారాం నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇయ్యాల సంతకం పెట్టుండ్రి సార్. గొట్టం నేను రేపే మారుస్త. విమానం దగ్గరికొచ్చింది. ఇది పాసైతె ఆగిపోత."

గొట్టం మార్చినా ఆ రిమ్ములు దాన్నీ తినేస్తాయి. మాటలతో పనిలేదని అతని చెయ్యి పట్టుకుని గొట్టం మీద పెట్టాను. ఎడారి షెడ్డులో పనిచేసిన చెయ్యి, వెంటనే తెలుసుకుంది. లేచి, ముందు సీటులోని చిన్న కూతుర్ని తానే ఎత్తి కిందికి దించాడు.

"బస్సుల పోండ్రి" అన్నాడు భార్యతో. ఆమె నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కింద నుంచి గొట్టానికి తగలని ఆ మొదటి రిమ్ములు, కొత్త గొట్టం తెప్పించి వేయించి, ఖాళీ బండిని మెల్లగా దింపించాను. ఆ ఛాసిస్‌కు సైన్యంలో ఉన్న రోజుల్లో వాడిన సన్నని రిమ్ములే సరిపోతాయని తేలింది. అవి వెతికి తెచ్చేసరికి సెలవు అయిపోయింది. వీసా పోగొట్టుకునే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది? గంగారాం వెళ్లిపోయాడు. తర్వాతి వారం రాజవ్వ ఒక డ్రైవరుతో జీపు తెచ్చింది. బరువుతో పరీక్షించాను. ఎక్కడా తగల్లేదు. సంతకం పెట్టిన కాగితం ఆమె చేతికిచ్చాను.

"గిది ఆయన ఉన్నప్పుడు రావాల్సుండె సార్" అంది. అందులో కోపం లేదు.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ జనం ఎక్కే ఏ బండినీ ఖాళీగా చూసి పాసు చేయలేదు. సరైన పని సరైన సమయానికి అందుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరని కూడా అప్పుడే తెలిసింది. ఆ రోజే మళ్లీ వచ్చినా, ఆ కొండ మీద నేను సంతకం పెట్టను.