ఎర్ర కండె

కొత్త నేత చీర మడత విప్పినప్పుడు గంజి వాసన తగిలితే, ఇప్పటికీ నా కుడిచెయ్యి ఖాళీగా అనిపిస్తుంది.

మా అక్కకు మాటలు రాలేదు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దాని మీద పెట్టేది. మంచినీళ్ల బిందె మీద, తలుపు గడియ మీద. అమ్మ మగ్గం నేస్తుంటే, పక్కనున్న బుట్టలో ఎర్రనూలు చుట్టిన కండె మీద పెట్టేది. తీసిస్తే ఒళ్లో దొర్లించుకుంటూ నవ్వేది.

నాకు ఏడేళ్లప్పుడు అక్కను బెజవాడలో మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాం.

"చెయ్యి పట్టుకోగానే ఇచ్చేయకండమ్మా. కాసేపాగి, దాని పేరు మీరే చెప్పి, అప్పుడివ్వండి" అన్నారావిడ.

బస్సు దిగేసరికి నాకు మొదటి ముక్కే గుర్తుంది.

మర్నాడు అక్క నా చెయ్యి పట్టుకోగానే లాక్కుని చంకలో దాచుకున్నాను. "కండె అను, ఇస్తా" అంటూ ఆశగా ఆమె నోటివంకే చూశాను. పట్టుకున్నప్పుడల్లా లాక్కున్నాను. వారానికల్లా అక్క నా చెయ్యి పట్టుకోవడం మానేసింది. బుట్ట ముందు ఊరికే కూర్చునేది.

"అక్కకు ఆ అలవాటు పోయిందమ్మా" అని గొప్పగా చెప్పాను.

అమ్మ మగ్గం ఆపేసింది. "ఆగమన్నారు గానీ, లాక్కోమన్లేదే" అంది.

అక్కకున్న ఒక్క మాటా నా చెయ్యేనని అప్పటిదాకా నాకు తెలియదు. భయమేసి, ఎర్ర కండె ఆమె ఒళ్లో పెట్టి, నా చెయ్యి ఆమె చేతిలో పెట్టాను.

అక్క కండె తీసుకుంది. నా చేతిని మెల్లగా ఎత్తి, నా ఒళ్లోనే పెట్టేసింది.