సరంగు ముఖాన ఊదారంగు

నా చిన్నప్పుడు మా మావయ్య చేసిన ఒక పనికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్లను ఆడిపోసుకోకూడదంటారు. కానీ తప్పు తప్పే కదా! అడిగితే ఇవ్వనన్న పుస్తకాన్ని నాకు తెలియకుండా తీశాడు. ముందు ఆయన తప్పు చెబుతాను, నాది తర్వాత.

మాది సాలూరు. నాన్న లారీ డ్రైవరు, రాయపూరు లైనులో తిరిగేవారు. అప్పట్లో నెలకొకటి చొప్పున ఒక బొమ్మల కథల పుస్తకం వచ్చేది. అందులో వీరుడు ఒక సరంగు. చిన్న తెరచాప పడవ వేసుకుని దొంగల దీవులూ సుడిగుండాలూ దాటుకుంటూ పోయేవాడు. మా ఊళ్లో ఆ పుస్తకం దొరికేది కాదు. నాన్న విజయనగరం బస్టాండులో కొని, సీటు కింద నలగకుండా పెట్టి తెచ్చేవారు. మొత్తం ఇరవై నాలుగు పుస్తకాలు. ఒక్కటి కూడా పోకుండా కూడబెట్టాను. అన్నిటికీ అట్టలు వేసి, అమ్మ ఆదివారం చర్చికి కట్టుకునే చీరల కింద, ట్రంకుపెట్టెలో దాచాను. తాళంచెవి తాడు కట్టి మెడలో వేసుకునేదాన్ని.

పక్కింటి పిల్ల నాకంటే రెండేళ్లు చిన్నది. వాళ్ల నాన్న లారీలకు బస్తాలు ఎత్తే కళాసీ. ఆ పిల్లకు సరంగంటే ప్రాణం. నేనేమో పెద్ద మహారాణిని. చేతులు కడుక్కుని వచ్చి గడప అవతల నిలబడమనేదాన్ని. పుస్తకం నా చేతిలోనే ఉంచుకుని పేజీలు తిప్పేదాన్ని, అదీ ఒక్కసారే. "ఇంకోపాలి తిప్పక్కా" అని ఎంత బతిమాలినా తిప్పేదాన్ని కాదు. పుస్తకం ముట్టుకోనివ్వడమన్న మాటే లేదు.

ఇక మావయ్య. అమ్మకు తమ్ముడు, లారీల మీద బొమ్మలు వేసే పెయింటరు. నెమళ్లు, లేళ్లు, కొండల మధ్య సూర్యుడు, ఇవన్నీ ఆయనకు మంచినీళ్ల ప్రాయం. ఒకసారి కళింగపట్నం నుంచి రాయపూరుకు ఎండుచేపలు తోలే ఆసామి, తన లారీ వెనక తలుపు మీద తుఫాను సముద్రం కావాలన్నాడు. కొండల కింద పుట్టిన మావయ్య తుఫానులో సముద్రం ఎప్పుడు చూశాడు? నా ఆఖరి పుస్తకంలో ఆఖరి పేజీ నిండా ఒకటే బొమ్మ, విరిగిన తెరకొయ్యను పట్టుకుని సరంగు అలకు ఎదురుగా నిలబడినది. ఒక్క పూట ఇమ్మన్నాడు. ససేమిరా అన్నాను.

నేను స్నానానికి వెళ్తూ మేకుకు తగిలించిన తాళంచెవితో పెట్టె తెరిచాడా పెద్దమనిషి! పుస్తకం లేదని నేను రెండు రోజుల తర్వాత, శనివారం పొద్దున గాని చూసుకోలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మావయ్య లారీలకు రంగులేసే షెడ్డుకు పరిగెత్తాను. నా ఏడుపు విని పక్కింటి పిల్ల కూడా వెంటపడింది. చూద్దును కదా, బల్ల మీద నా పుస్తకం తెరిచి ఉంది. సరంగు ముఖం మీదుగా, పడవ మీదుగా, పేజీ అంతా పెన్సిలు గళ్లు! చిన్న గడిలో ఉన్నదాన్ని లారీ మీద పెద్ద గడిలోకి ఎక్కించడం వాళ్ల పని తీరు. ఆ ముక్క నాకూ తెలుసు. కానీ నా పుస్తకం మీదా?

"ఒసే పిల్లా, ముట్టుకోకే! రబ్బరెట్టి నానే సెరిపేస్తాను. అది బుకింగాఫీసు పెన్సిలు, తడి తగిలితే..." అంటూనే ఉన్నాడు మావయ్య. నేను వింటేనా! గౌను అంచు నీళ్ల బకెట్టులో ముంచి కసికసిగా రుద్దాను.

గీతలు ఊదారంగులోకి తిరిగి సరంగు ముఖమంతా పాకేశాయి. బుకింగాఫీసు వాళ్లు సరుకు కాగితాలు రాసే పెన్సిలది. పొడిగా ఉన్నంతసేపూ మామూలు పెన్సిలే, తడి తగిలితే సిరా. డ్రైవరు కూతుర్ని, ఆ కాగితాలు చూస్తూ పెరిగినదాన్ని, నాకు తెలియదా? కోపంలో బుర్ర పనిచేయలేదు. ఇంకా రుద్దితే కాగితం చిరిగి ముద్దయింది. అప్పుడు ఏడ్చిన ఏడుపు మళ్లీ ఏ చావుకీ ఏడవలేదు.

మావయ్య ఓదార్చలేదు. "ఏడిసింది సాలు. సూడు, లారీ మీద సరంగు సుబ్బరంగా ఉన్నాడు. మద్దేనానికి బండి ఎల్లిపోతాది. ఈలోగా నీ పేజీ నువ్వే గీసుకో" అన్నాడు. సుద్దపొడి రాసిన దారం తీసుకుని, ఆరిన బొమ్మ మీద మళ్లీ గళ్లు కొట్టాడు. దారం రెండో కొస పక్కింటి పిల్ల పట్టుకుంది. పేజీ సైజుకు కోసి గళ్లు గీసిన కాగితం నా చేతికిచ్చాడు. లారీ ఎక్కడ కదిలిపోతుందోనని తొందరపడుతూ, గడి గడి చొప్పున సముద్రాన్ని కాగితం మీదికి దించాను. అలలు వంకరగా వచ్చాయి, సరంగుకు ఒక చెవి పెద్దదైంది.

అంతా అయ్యాక, సరంగు తల పక్కన మాటలుండాల్సిన చోటు ఖాళీగా మిగిలింది. పుస్తకంలోవి ఆ ముద్దలో పోయాయి, లారీ మీది బొమ్మకు మావయ్య మాటలు ఎక్కించలేదు కదా! ఏమంటాడు సరంగు? నాకు గుర్తు రాలేదు. నా పుస్తకం, నా పెట్టె, నా తాళం. అట్ట ఎన్నిసార్లు మార్చానో చెప్పగలను గానీ, ఆ మాట చెప్పలేకపోయాను.

సుద్ద చేతులతో నిలబడ్డ పక్కింటి పిల్ల మెల్లిగా అంది: "'ఓసి తుఫానూ, గట్టిగా అరవడం నీ ఒక్కదానికే వచ్చనుకున్నావా?' అంటాడక్కా."

అంతే, అక్షరం పొల్లుపోలేదు. గడప అవతల నిలబడి ఒక్కసారి చూసిన పిల్ల! మావయ్య నా వంక ఒక్క చూపు చూసి, బ్రష్షులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. నోరు తెరిచి ఏమైనా అనుంటే రంగు డబ్బా ఆయన నెత్తిన బోర్లించేదాన్ని. కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. పెన్సిలు ఆ పిల్ల చేతికిచ్చాను. ఆ మాట అదే రాసింది.

మొన్నీమధ్య పాత పుస్తకాలు సేకరించే కుర్రాడొకడు మా ఇంటికి వచ్చాడు. చేతులకు తొడుగులు వేసుకుని ఇరవై నాలుగూ తిరగేశాడు. అన్నీ బాగున్నాయట, ఆఖరి దాంట్లో చేత్తో గీసి అంటించిన పేజీ ఒక్కటే లోపమట. చదువుతావా నాయనా అని అడిగితే, చదవడట, గాలి తగలని కవరులో పెట్టి దాస్తాడట. లోపమట! నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. వాటిలో నాకు కంఠతా వచ్చిన పేజీ అదొక్కటే. కాఫీ ఇచ్చి పంపించేశాను.

ఆ ట్రంకుపెట్టెకు ఇప్పుడు తాళం లేదు. వీధి పిల్లలు జంతికలు తిన్న చేతులతోనే ఆ పుస్తకాలు తిరగేస్తారు. అట్టలు ఊడిపోయాయి, ఊడిపోనీ. వాళ్లలో ఎవరైనా కొత్త పిల్ల మొహమాటపడి గడప దగ్గర ఆగిందంటే మాత్రం నేను ఊరుకోను. "ఏటే, అక్కడే నిలబడిపోయావు? లోపలికి రా!" అని తుఫానుకు వినపడేలా కేకేస్తాను.