నాన్నకు దొరికిన పదిహేను రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడేవాళ్లమే కాని, చదవడం ఒక్కరికీ రాదు. పుదుచ్చేరిలో, ముదలియార్‌పేటలో, మూడు తరాలుగా ఉంటున్న కుటుంబం మాది. బళ్లో నేర్చుకున్నది తమిళం. అందుకని ఇంట్లో మాట్లాడే తెలుగును కూడా తమిళ అక్షరాలతోనే రాసుకునేవాళ్లం. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు నేను ఇంజనీరింగు ముగించి, ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక నేర్చుకున్నవి. మా తాతయ్య చివరి రోజుల సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టడానికి ఇదొక కారణం. రెండో కారణం, అందులో తప్పు చేసింది నేను కావడం.

అప్పుడు నేను అయిదో తరగతి. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయింది. మా తాతయ్య బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేవాడు. దూది ధూళి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై, ఆ యేడు వానలు మొదలైనప్పటి నుంచి సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. ఇక నెలల మాటేనని డాక్టరు నాన్నతో చెప్పాడు. తాతయ్యకు ఎవరూ చెప్పలేదు, ఆయనకు తెలియకుండానూ లేదు. పదవీ విరమణకు ఇంకా ఏడు నెలలున్నాయి. ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. పనిలో ఉండగా మనిషి పోతే, ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. విరమణ తరవాత పోతే ఇవ్వరు.

మా నాన్న ఐటీఐ చదివిన ఫిట్టరు. చిన్న చిన్న వర్క్‌షాపుల్లో కాంట్రాక్టు పని చేసేవాడు. ఆ డిసెంబరులో హోసూరు నుంచి ఒక యంత్రాల ఫ్యాక్టరీ వాళ్ల ఉత్తరం వచ్చింది. పర్మనెంటు ఉద్యోగం. పది రోజుల్లోగా జవాబు చెప్పాలి. నాన్న ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. పోతాననీ అనలేదు, పోననీ అనలేదు. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే ఇంకెన్ని రోజులున్నాయో గుర్తుచేసేది.

లాస్‌పేటలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసే పక్కింటి అక్కే దారి చెప్పింది. "గడువు అడుగన్నా, తప్పేముండాది? మా ఆఫీసులో అడగతానే ఉంటారు. ఊరికే టైం కావాలంటే ఇయ్యరు. ఫలానా తేదీకి చెప్తానని తేదీ ఏసి అడగాల." నాన్న సరేనన్నాడు. కాని రోజూ ఫోను బూత్ దాకా పోయి వచ్చేసేవాడు. ఎందుకు అడగలేకపోతున్నాడో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు, కాని కారణం విన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఒక సాయంత్రం నాన్నతో టీకొట్టుకు వెళ్లాను. మా వీధివాడే ఒకాయన బెంచీ మీద జరిగి చోటిస్తూ, "హోసూరు యాడికిలే అప్పా! ఇంగ కొన్నాళ్లు ఓర్చుకుంటే ఉద్యోగం నీ ఇంటికే వస్తాది గదా. ముసలాయనకు పాలూ పండ్లూ ఎక్కువ పెట్టబాకు" అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నాన్న గ్లాసు అలాగే బెంచీ మీద పెట్టేసి, నా చేయి పట్టుకుని ఇంటికి వచ్చేశాడు. గడువు అడిగితే, తండ్రి చావు కోసం కాచుకున్నాడని వీధంతా అనుకుంటుందని ఆయన భయం. అది నాకు పదేళ్ల తరవాత అర్థమైంది. ఆ రోజు నాకు అర్థమైంది, ఆగితే లాభం ఉందని మాత్రమే.

నాకు అప్పటికే జాబితాలు రాసే అలవాటు. బడిసంచిలో ఏ పుస్తకం తరవాత ఏది పెట్టాలో కూడా నంబర్లు వేసుకునేవాణ్ణి. నాన్న తేల్చుకోలేక పోతున్నాడు కదా, సాయం చేద్దామనుకున్నాను. నోటుపుస్తకంలో నిలువుగా గీత కొట్టి, ఎడమవైపు "హోసూరు పోతే" అనీ, కుడివైపు "గడువు అడిగి ఆగితే" అనీ రాశాను. కుడివైపు అయిదు వచ్చాయి. ఒకటి, నా అర్ధ సంవత్సరపు పరీక్షలు ఇక్కడే రాయొచ్చు. రెండు, హోసూరులో నిదానంగా ఇల్లు వెతుక్కోవచ్చు. మూడు, నాన్న ఇప్పుడు చేస్తున్న పని ముగించి రావచ్చు. నాలుగు, అమ్మకు చలికాలం అక్కడ కష్టం, అది తప్పుతుంది. అయిదు, ఈలోపల తాత చచ్చిపోతే మిల్లు ఉద్యోగం వస్తుంది, హోసూరు పోనే అక్కర్లేదు.

రాసేందుకు ఎత్తు సరిగ్గా ఉంటుందని నేనెప్పుడూ తాతయ్య మంచం మీద పుస్తకం పెట్టుకునేవాణ్ణి. ఎవరో పిలిస్తే అలాగే వదిలేసి ఆడుకోవడానికి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని, ఆ పేజీ మీద వేలు ఆనించి చదువుతున్నాడు.

"రేయ్ అబ్బయ్యా, ఈ అయిదోది ఎవురు చెప్పినారు నీకు?"

"టీకొట్టు కాడ అనుకుంటాండారు తాతా."

"మీ నాయన ఉన్న్యాడా ఆడ?"

"ఉన్న్యాడు. ఏమీ అన్లేదు. టీ గూడా తాగకుండా వచ్చేసినాడు."

తాతయ్య కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. కొడతాడేమోనని నేను మంచానికి దూరంగా జరిగాను. ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చి, "నీ రాత బాగుండాది రా" అన్నాడు. అంతే.

మరునాడు నాన్న పనికి వెళ్లాక తాతయ్య ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను తోడు రమ్మన్నాడు. మిల్లు మా ఇంటి నుంచి నడిస్తే పావుగంట. ఆ రోజు గంట పైన పట్టింది. దారిలో నాలుగు చోట్ల కూర్చున్నాడు: సోడాకొట్టు అరుగు, సైకిళ్ల షాపు, కరెంటు స్తంభం కింది దిమ్మ, చివరికి మిల్లు గేటు పక్క గోడ. లోపల ఆఫీసులో గుమాస్తా రెండుసార్లు తమిళంలో అడిగాడు, ఏడు నెలలే కదా పెద్దాయనా, ఇంట్లో పడుకుని గడిపేయొచ్చు కదా, ఇప్పుడెందుకు విరమణ అని. పడుకోవడం విసుగ్గా ఉంది తంబీ అని నవ్వి, గుమాస్తా చూపించిన ప్రతి చోటా తాతయ్య సంతకం పెట్టాడు. మగ్గాల వైపు వెళ్లి చూస్తావా అని గుమాస్తా అడిగితే వద్దన్నాడు.

ఇంటికి వచ్చి, ఊపిరి కుదుటపడ్డాక, నా పుస్తకం తెమ్మన్నాడు. అయిదో వరుస కొట్టేయమన్నాడు. స్కేలు పెట్టి నీటుగా కొట్టేశాను. "ఇంగ మిగిలినవి నాలుగే. సరిగ్గా ఉండాదా?" అన్నాడు. ఉందన్నాను.

సాయంత్రం సంగతి తెలిసి నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏంది నాయనా ఈ పని? ఎవురు జెయ్యమన్న్యారు నిన్ను?" అని అరిచాడు. ఆయన తాతయ్య మీద గొంతెత్తడం అదే మొదటిసారి. తాతయ్య మాత్రం, "ఇప్పుడు పోయి అడుగు రా గడువు. తలెత్తుకోని అడుగు" అన్నాడు. నాన్న మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చాడు. తాతయ్య నా పేరు ఎత్తలేదు. జాబితా మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

మరునాడు ఫోను బూత్‌లో నాన్న పక్కనే నేనూ, పక్కింటి అక్కా నిలబడ్డాం. నాన్న ఒక నెల అడిగాడు, తేదీ చెప్పి. అవతలి మనిషి కారణం అడిగినట్టున్నాడు. నాన్న కొంచెం తడబడి, మా నాన్నగారికి ఒంట్లో బాగాలేదు, ఆయనతో కొన్ని రోజులు ఉండాలనుంది అన్నాడు. నేను రాసిన అయిదింటిలో ఆ కారణం లేదు. అన్నీ ఆలోచించి రాశాననుకున్నాను, తాతయ్య పక్కనే కూర్చుని రాశాను, అయినా అది నాకు తట్టలేదు.

నెల ఇవ్వలేదు, పదిహేను రోజులిచ్చారు, ఆ తరవాత వచ్చి చేరాలన్నారు. నాన్న వర్క్‌షాపుకు రానని చెప్పేశాడు. పొద్దున్నే తాతయ్యకు నీళ్లు కాచి ఒళ్లు తుడిచేవాడు, గడ్డం గీసేవాడు, మేడ మీదికి ఎత్తుకుపోయి ఎండలో కూర్చోబెట్టేవాడు. పెద్ద విషయాలేవీ మాట్లాడుకోగా నేను వినలేదు. మగ్గం మీద దారం తెగితే క్షణంలో ముడి ఎలా వేస్తారో తాతయ్య చూపించేవాడు. ఇనుము పట్టే నాన్న లావు వేళ్లకు అది కుదిరేది కాదు. "నువ్వు మిల్లులో చేరుంటే రెండో దినమే తరిమేసుంటారు" అని తాతయ్య నవ్వేవాడు, దగ్గేవాడు, మళ్లీ నవ్వేవాడు. పద్నాలుగో రోజున ఒక ముడి నిలబడింది.

పదహారో రోజు తెల్లవారుజాము బస్సుకు నాన్న హోసూరు వెళ్లిపోయాడు. ఆ తరవాత పదకొండు రోజులకు తాతయ్య పోయాడు. నాన్న వచ్చేసరికి సాయంత్రమైంది. అడిగిన నెల ఇచ్చి ఉంటే నాన్న అప్పుడు తాతయ్య దగ్గరే ఉండేవాడు. ఆ ఏడు నెలలు వదులుకోకపోతే మిల్లు ఉద్యోగం వచ్చేది. ముసలాయన తొందరపడ్డాడని వీధిలో అందరూ అన్నారు. ఎందుకు తొందరపడ్డాడో నాన్నకు నేను ఈనాటికీ చెప్పలేదు.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తవాళ్లను తీసుకునే పని కొంత నాది. ఉద్యోగం ఇస్తామన్నాక, ఇంకో వారం కావాలి, పది రోజులు కావాలి అని ఫోను చేసేవాళ్లుంటారు. ఇల్లు మారాలి, ఇప్పటి ఆఫీసులో వదలడం లేదు, సర్టిఫికెట్లు రావాలి అని వరుసగా కారణాలు చెప్తారు. అన్నీ రాసుకుంటాను. వాళ్లు ముగించాక ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా ఆగుతాను, ఇంకేమైనా చెప్తారేమోనని. చాలామంది చెప్పరు. ఆ చెప్పని కారణానికని, అడిగినదాని కంటే నాలుగు రోజులు ఎక్కువ వేసి తేదీ ఇస్తాను.