సగం హాజరు

ఫాదర్ మరియదాసు గారి లెక్కలో మనిషన్నవాడు క్లాసుకి పూర్తిగా వచ్చిన రోజు బహు అరుదు. కలకత్తాలో జెస్యూట్ ఫాదర్ల కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్సు చెప్పిన ఆ గుంటూరాయన, "ప్రెజెంట్ ఫాదర్" అన్న ప్రతివాణ్ణీ కళ్ళజోడు పైనుంచి ఎగాదిగా చూసి, "సగమే!" అనేవారు.

"ఒళ్ళు వచ్చింది. కడుపు హాస్టల్లోనే ఉండిపోయింది. పో, తినేసి రా."

ఇంకొకడికి, "నీ బుర్ర ఈడెన్ గార్డెన్స్‌లో ఉంది. స్కోరెంత?" వాడు స్కోరు చెబితేగాని పాఠం మొదలయ్యేది కాదు. ఓసారి తలుపు దగ్గర నిలబడ్డ పాపానికి ప్రిన్సిపాల్ గారికీ సగమే పడింది.

"తలకాయ ఒక్కటీ పంపించి పాఠం చెప్పమంటే ఎలాగయ్యా? మనిషి మొత్తం కావాలి నాకు!"

తొంభై నాలుగులో సుందరికి వరసగా సగాలు పడ్డాయి. మొదటిసారి పడగానే ఆ పిల్ల ఉలిక్కిపడి "ఏటి?" అంది. బెంగాలీ చెవికి ఆ మాట 'ఇదిగో ఇది' అన్నట్టుంటుంది. క్లాసంతా ఏది, ఏది అంటూ బెంచీల కింద వెతికింది. ఫాదర్ మాత్రం మొహం వికసించి తెలుగులోకి దిగిపోయారు.

"సిక్కోలు పిల్లవా! మిగతా సగం ఎక్కడమ్మా?"

"ఆస్పత్రిలో, ఫాదర్. మా అయ్య రేవులో ఓడ సరుకు కడతా కాలు ఇరగ్గొట్టుకున్నాడు. అమ్మ మెటియాబ్రుజ్‌లో దర్జీ పనికెల్లిపోద్ది. మద్దేనాలు అయ్య కాడ ఎవలూ ఉండరు. ఒక్కడూ ఉంటే మెతుకు ముట్టడు."

"అయితే సగమే," అని రాసేసుకున్నారు మహానుభావుడు.

నూటికి డెబ్భై అయిదు హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. సుందరి వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఏడాది గంగలో కలిసినట్టే. పరీక్షకి కూర్చునేవాళ్ళ లిస్టు పెట్టిన రోజున ఫాదర్‌తో తాడోపేడో తేల్చుకోవాలని బయల్దేరింది. తీరా చూస్తే లిస్టులో తన పేరుంది!

"రిజిస్టర్లో నీవన్నీ నిండు హాజర్లే," అన్నాడు గుమాస్తా హరిపద దాదా. "ఆ సగాలు ఆయన సొంత నోటుబుక్కులోవి. ఎవరింటికి వెళ్ళి చూసిరావాలో గుర్తు కోసం."

"ఫాదర్ ఏరి, దాదా?"

"మధ్యాహ్నాలు ఆయన దొరకరు. రెండు నెలలైంది, పన్నెండు కొడితే మాయం!"

సరే, ముందు అయ్యకి చెబుదామని సుందరి ఆస్పత్రికి పరిగెత్తింది. మంచం మీద వాళ్ళయ్య గవరయ్య. పక్కన ఖాళీ పళ్ళెం. స్టూలు మీద, ఓ తాడు వేళ్ళకి చుట్టేసుకుని చెమటలు కక్కుతూ ఫాదర్ మరియదాసు.

"ఇది ముడేటి, సామీ? ఓడలో సరుకంతా సంద్రంలో పడిపోద్ది! ఇప్పు. మల్లీ కట్టు!"

"కడుతున్నానయ్యా, కసరకు."

"అయ్యా, నాను పరీచ్చకి కూసుంటన్నాను," అంది సుందరి.

"మరింకేటి, బేగెల్లి సదూకో తల్లీ. నా గురించి బెంగెట్టుకోకు. ఈయనకి పాఠం సెప్పడంతోనే నాకు మద్దేనమంతా సరిపోతంది." గవరయ్య గొంతు తగ్గించాడు. "శానా ఎనకబడిపోనాడు, పాపం."