జులుం అన్న మాట

మొన్న జూబ్లీహిల్స్‌లో కాఫీ తాగుతుంటే, పక్క బల్ల దగ్గర స్నేహితురాలు ఇంకో కేకు ముక్క తినమని బలవంతపెట్టేసరికి "ఏందే నీ జులుం!" అని ఒక కుర్రాడు పకపకా నవ్వాడు. నేను ఉలిక్కిపడి కప్పు కింద పెట్టేశాను. నాకు ఇన్నేళ్ళు అన్నం పెట్టిన మాట అది మరి!

ఎనభైల చివర్లో తెనాలి నుంచి వచ్చి, రహమత్ నగర్‌లో ఒక గదిలో అద్దెకుంటూ, డబ్బింగ్ అవకాశాల కోసం ఫిల్మ్ నగర్ అంతా తిరిగేదాన్ని. తిరగ్గా తిరగ్గా, దొరను ఎదిరించే ఒక తల్లి పాత్రకు గొంతిచ్చే పని దొరికింది. "చాలు దొరా నీ దౌర్జన్యం" అనాలి. తెర మీది నటికి తెలుగు రాదు, మాట సగంలోనే పెదవులు మూసేసింది. నా దౌర్జన్యం మాత్రం ఇంకా సాగుతూనే ఉండేది, నా ఖర్మ! ఎన్నిసార్లు చెప్పినా అంతే. బయట బెంచీ మీద అప్పటికే మరో అమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టారు. ఇది పోతే ఇక పెట్టె సర్దుకుని ఊరెళ్ళడమే.

ఆఖరుసారి నోరు తెరిస్తే "చాలు దొరా నీ జులుం" అని వచ్చేసింది. అది మా ఇంటి ఓనరమ్మ మాట. ఆవిడకు కరెంటు పోయినా జులుమే, కూరగాయల ధర పెరిగినా జులుమే. వినీవినీ నాకూ అంటుకున్నట్టుంది. ఆ రోజుల్లో అలాంటి తెలంగాణ మాటలు రౌడీలకూ హాస్యగాళ్ళకూ తప్ప తల్లి పాత్రలకు రాసేవారు కాదు. పైగా అక్కడే కూర్చున్న మా రచయితగారిది కోస్తా. అయిపోయాన్రా దేవుడా అనుకున్నాను. ఆయన మాత్రం తెరవంకే చూస్తూ, "పెదవి కలిసిందమ్మా, ఉండనివ్వండి" అన్నారు. అలా నిలబడ్డానండీ నేను ఈ ఊళ్ళో.

సినిమా వచ్చాక ఓనరమ్మను హాలుకు తీసుకెళ్ళాను. ఆ మాట రాగానే నవ్వుతుందనుకుంటే, నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది.

"మా నాయన గీ మాట ఇంట్ల అనుకుంట ఏడ్సెటోడు బిడ్డా. దొర ముంగట ఒక్కనాడన్న అనలేకపోయిండు. నువ్వన్నవ్."

ఇప్పుడు సినిమాల్లో హీరోలే దర్జాగా ఆ యాస మాట్లాడుతుంటే నాకెంత సంతోషమో! ఓనరమ్మ లేదు. ఆ మాట అనుభవించినవాళ్ళను ఎరిగిన మనబోటివాళ్ళమూ తగ్గిపోతున్నాం. ఎవరో ఒక తండ్రి పైకి అనలేక మింగేసిన మాట నాకు బతుకైందని తలుచుకుంటే, ఎన్నడూ చూడని ఆ పెద్దాయనకు ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.