బెయిలు మీద వచ్చిన వార్డరు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నన్ను పట్టుకోకముందు నేను ఒరిస్సాలోని ఒక జైల్లో వార్డరును. పొద్దువాలగానే ఖైదీలందరినీ లోపల పెట్టి తాళాలు వేసేవాణ్ణి, ఆ వెంటనే క్వార్టరుకు వచ్చి సీసా మూత తీసేవాణ్ణి! చేతికి సెల్లు వచ్చిందని లోకమంతా మురిసిపోతున్న రోజులవి. నా చేతి కింద ఇరవై సెల్లులుండేవి గాని ఒక్కటీ మోగేది కాదు. నా భార్య రూతు, మా పాప కొత్తగా అనకాపల్లి దగ్గర తుమ్మపాలలో కాపురం పెట్టారు. సెలవుకు వెళ్తే పాప నన్ను చూసి తలుపు చాటుకు పోయేది.

మన రాష్ట్రానికి బదిలీ కోరుకున్నాను. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి, అంతకన్నా ముందు నా నడవడి మంచిదని మా జైలు అధికారి రాయాలి. ఆయన నిజాయితీపరుడు, రాయలేదు!

దిక్కుతోచక తుమ్మపాల సంఘానికి రూతు చేత ప్రార్థన చీటీ పంపాను: "జైల్లో నలిగిపోతున్నాను, విడుదల కోసం ప్రార్థించండి." బదిలీ అన్న మాట రాయడం మరిచాను. తాగుడు సంగతి మరవలేదు, దాచాను.

తర్వాతి సెలవులో ఉపవాస ప్రార్థనకు వెళ్తే సంఘంలో పెద్దావిడ మార్తమ్మ మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బెయిలు మీద వచ్చేవేటి బాబూ? ఎన్నాళ్ళిచ్చేరు?"

బెయిలన్నది వినపడక, సెలవు గురించనుకుని "పది రోజులు మామ్మా" అన్నాను.

ఆమె నా తలమీద చెయ్యి వేసి, "పెబువా, ఈ బిడ్డ ఏటి సేసేడో మాకక్కర్లేదు, ఆ సంకెళ్ళు నువ్వే తెంపు తండ్రీ!" అని ఏడుస్తూ ప్రార్థించింది. అప్పుడర్థమైంది, సంఘమంతా మూడు శుక్రవారాలుగా ఒక ఖైదీ కోసం పస్తులున్నారని! రూతు వైపు చూస్తే, "ఖైదీ కాదంటే ప్రార్థన మానేత్తారని ఊరుకున్నాను" అంది మెల్లగా.

నేను వార్డరునని చెప్పడానికి నోరు తెరిచాను. రాత్రి తాగిన వాసన నాకే కొట్టింది, మూసేశాను. పన్నెండేళ్ళు తాళంచెవులు మోసి, లోపల ఉన్నది నేనేనని అక్కడ తెలుసుకున్నాను సహోదరులారా! మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, మామ్మ చెప్పిందే నిజం, నేను ఖైదీనే" అన్నాను.

ఆ రోజే తాగుడు వదిలేశాను. రెండుసార్లు సారా దుకాణం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను, కానీ ముట్టలేదు, దేవునికే మహిమ! ఏడాది తిరగకముందే మా అధికారి తానే పిలిచి నడవడి మంచిదని రాశారు, బదిలీ వచ్చింది. పాత సీనియారిటీ మాత్రం రాదన్నారు. అందరూ తిరిగి జన్మించామని సాక్ష్యమిస్తారు, నాకైతే సర్వీసు కూడా తిరిగి జన్మించింది. నలభై దగ్గరపడ్డాక అందరికన్నా జూనియర్ని! ఇప్పుడు అనకాపల్లిలో బస్సెక్కి డ్యూటీకి వెళ్తాను, కేరేజీ పట్టుకొచ్చి ఇచ్చేది మా పాపే.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారం మార్తమ్మ మామ్మ అడిగింది, "కేసు కొట్టేసేరా బాబూ?"

"కొట్టేశారు మామ్మా, పూర్తిగా!" అన్నాను. అబద్ధమాడలేదు.

ప్రియులారా, మీలో ఎవరికి ఎక్కడ తాళం పడిందో నాకు తెలియదు. చీటీలో సగమే రాయగలిగినా ఫరవాలేదు, రాయని సగం చదివే తండ్రి మనకున్నాడు. ఆయన్ను నమ్మి రాసివ్వండి!