డయాలసిస్ మంచం పక్కన డిటెక్టివ్ నవల

అయినా సరే, నేను ఒప్పుకోను. పొద్దున్న ఫ్యామిలీ గ్రూపులో పెద్దమావయ్య పెట్టిన మెసేజీ చూసినప్పటినుంచి టైపు చేస్తున్నాను, చెరిపేస్తున్నాను, మళ్లీ టైపు చేస్తున్నాను. తాతయ్య సంవత్సరీకం దగ్గరపడింది కదా, ఆయన చివరి రోజుల్లో చెవిన నాలుగు మంచి మాటలు పడకుండా మనవరాలు హత్యల పుస్తకాలు చదివి వినిపించిందని మావయ్య బాధ. అవును, చదివాను. ఎందుకు చదివానో గ్రూపులో చెబితే సగంలోనే ఎవరో దణ్ణం బొమ్మ పెట్టి ముగించేస్తారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నా చదువు అయిపోయి, ఉద్యోగం ఇంకా రాక హైదరాబాదులో ఖాళీగా ఉంటే, తాతయ్యకి తోడుగా అమ్మ నన్ను బండారులంక పంపింది. కిడ్నీలు పాడయ్యాయి, వారానికి మూడుసార్లు ఆటోలో అమలాపురం తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. జన్మంతా కొబ్బరితోటలో గడిపిన మనిషిని కొబ్బరినీళ్లు ముట్టుకోవద్దన్నారు, దాహమేస్తే మంచినీళ్లు కూడా కొలిచి తాగాలన్నారు; దాంతోనే ఆయన సగం నీరుకారిపోతే, గంటల తరబడి మిషను పక్కన కదలకుండా పడుకోవడం మిగతా సగం పని పూర్తిచేసింది. చేతికున్న సూదుల వైపే చూస్తూ, ఏ క్షణాన పీకేసుకుంటారో అన్నట్టుండేవారు.

ఏదైనా చదివి వినిపిస్తే ధ్యాస మళ్లుతుందని నర్సు చెప్పింది. ఫోను తీసి ఒక కథ మొదలుపెట్టాను. "అది కథలా లేదే, ఎవరో పెట్టిన మెసేజీలా ఉంది. పుస్తకం లేదా?" అన్నారు. ఒళ్లు మండింది గానీ, బస్టాండు దగ్గర పాత పుస్తకాలమ్మే చోట అట్ట ఊడిపోయిన డిటెక్టివ్ నవల ఒకటి కొనుక్కొచ్చాను. మొదటి అధ్యాయంలోనే ఒక భూస్వామి హత్య. రెండోది అవకుండానే తాతయ్య తీర్పు చెప్పేశారు.

"వంటమనిషే చంపేడు. రాసిపెట్టుకో."

"అబ్బే, తమ్ముడండీ! ఆ దొంగేడుపు చూసేరా?" అని పక్క మంచం మామ్మగారు.

"మీకు తమ్ముళ్లంటే పడదులెండి."

"ఆయ్, నాకూ ఉన్నాడు కాబట్టే చెబుతున్నానండీ!"

మిషను ఆగిన చోట నేనూ ఆపేసి, పేజీలో కొబ్బరి ఈనె ముక్క పెట్టేదాన్ని. ఎంత బతిమాలినా ఇంట్లో చదివేదాన్ని కాదు. కథ వినాలంటే ఆస్పత్రికి రావాల్సిందే.

ఒకరోజు నేను మందులకి వెళ్లొచ్చేసరికి మావయ్య మంచం పక్కన కూర్చుని, భక్తిగా, తాత్పర్యంతో సహా శ్లోకాలు చదువుతున్నారు. ఏ శ్లోకాలనుకున్నారు? మా వైపు ఎవరైనా పోతే ఇంటి ముందు మైకులో పెట్టేవి! మావయ్య మనసులో మంచే ఉంది, కాదనను. కానీ తాతయ్య మొహం తెల్లగా పాలిపోయింది, చెయ్యి లాక్కోబోయారు, మిషను కీచుమని మోగింది, నర్సు పరిగెత్తుకొచ్చింది. "నన్ను సాగనంపేస్తున్నార్రా?" అన్నారు.

తరవాతి డయాలసిస్‌కి రానన్నారు. ఆ పైదానికీ రానన్నారు. అప్పటికే కాళ్లు వాచిపోయాయి, పడుకుంటే ఊపిరాడటం లేదు. ఇంకొకటి తప్పితే నీరు ఊపిరితిత్తుల్ని ముంచేస్తుందని డాక్టరు ఫోనులో నామీద కేకలేశారు. నేను మావయ్య మీద కేకలేశాను. వాకిట్లో ఆటో ఆగి ఉంది, తాతయ్య మాత్రం కుర్చీలోంచి లేవలేదు, బతిమాలడానికి నాకు ఓపిక లేదు, పుస్తకం తీసుకుని వెళ్లి ఆటోలో కూర్చుని ఈనె పెట్టిన చోటినుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. వంటమనిషి గదిలో రక్తం అంటిన తువ్వాలు దొరికింది. అక్కడ గొంతు తగ్గించాను.

"గట్టిగా చదవ్వే!"

"ఆటోలోకి వస్తే వినబడుద్ది తాతయ్యా."

పేజీ తిప్పి, అదే గొంతుతో చదువుతూనే ఉన్నాను. అప్పుడు కుర్చీ కిర్రుమంది. "నే చెప్పలేదూ, వంటమనిషేనని," అంటూ ఆయాసపడుతూ, మావయ్య భుజం పట్టుకుని ఆటో ఎక్కేరు.

నిజానికి చంపింది తమ్ముడే. మామ్మగారు ఆ గెలుపుని వార్డంతా చాటారు. ఆ తరవాత తాతయ్య ఒక షరతు పెట్టారు: ఒక పుస్తకం ఆఖరి అధ్యాయానికి వచ్చేలోపు ఇంకోటి మొదలైపోవాలి. అలా పుస్తకం మీద పుస్తకం, వానాకాలం పోయింది, మామిడికాయలొచ్చాయి, మళ్లీ వానలొచ్చాయి. ఆయన పోయినప్పుడు సగం చదివిన నవల దిండు పక్కనే ఉంది. ఈనె ఇంకా దాంట్లోనే ఉంది, నేను తియ్యలేదు, మిగతాది చదవలేదు.

మొన్న అమలాపురం వెళ్లినప్పుడు ఆ వార్డులోకి తొంగిచూశాను. ప్రతి మంచం మీదా ఒక ఫోను, ప్రతి చెవిలోనూ ఒక వైరు. నా చేతిలోనూ ఫోనే ఉంది, నేనేమీ అనలేను. కానీ పక్క మంచంతో పందెం కాసేవాళ్లు ఒక్కరూ లేరు, హంతకుడెవరో ఎవరికీ అక్కర్లేదు.

మంచి మాటలంటారు కదా మావయ్యా. రానని భీష్మించుకున్న మనిషిని ఆటో ఎక్కించిన ఆ రక్తపు తువ్వాలు కన్నా మంచి మాట మీలో ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే గ్రూపులో పెట్టండి, చూద్దాం.